ఒరిగిన గుంజను పీకాలా, నిలబెట్టాలా?

పల్నాటి నల్లరేగడిలో ఇల్లు కట్టుకుని కంచె వేసుకున్నవాళ్లు ఏదో ఒక ఏడు ఈ వాదనలో పడక తప్పదు. ఇంట్లో ఒకరు కంచె మొత్తం పీకేసి గోడ కట్టేద్దామంటారు. ఇంకొకరు ఉన్నదాన్నే బాగుచేద్దామంటారు. ఆ రెండు మాటల్నీ ఒక మేనమామ, మేనల్లుడి నోట పెట్టి రాస్తున్నాను. మామయ్యది సేద్యం, ఏళ్ల తరబడి కంచెతో వేగినవాడు. అల్లుడు ఇళ్లు కట్టే పనుల దగ్గర సూపర్‌వైజరు. ఇంటి ముందు వైపు రాతి గుంజలు, పక్కన సిమెంటు స్తంభాలు, పెరటి వైపు సరుగుడు కర్రలు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో వైపు వేసుకుంటూ వచ్చిన కంచె అది. మన ఊళ్లలో చాలా ఇళ్ల కంచెలు ఇలాగే ఉంటాయి. నా మొగ్గు బాగుచేసే వైపే అని ముందే చెబుతున్నాను. అయినా మామయ్య మాటలో బలం ఉన్నచోట దాన్ని తగ్గించి రాయలేదు.

మామయ్య: ఇంకా ఏం చూస్తావురా? ముందు వైపు సగం గుంజలు ఒరిగిపోయాయి. ముళ్లతీగ జారి మోకాలి ఎత్తుకు వచ్చింది. మొన్న పక్కవాళ్ల గేదె లోపలికి దూరి ములగ మొక్క మొదలంటా తినేసింది. పోయినేడు నిలబెట్టించిన గుంజే మళ్లీ ఒరిగింది. ఈ గోల నావల్ల కాదు. మొత్తం పీకి పారేసి గోడ పెట్టిస్తాను.

అల్లుడు: పోయినేడు ఎలా నిలబెట్టించారు మామయ్యా?

మామయ్య: ఎలా ఏముంది? ఇద్దరు కూలీలను పెట్టి, భుజాలతో నెట్టించి, చుట్టూ మట్టి పోయించి గడ్డపారతో కుమ్మించాను.

అల్లుడు: ఏ మట్టి పోశారు?

మామయ్య: అక్కడ తవ్విందే. వేరే మట్టి ఎక్కడి నుంచి తెస్తాం?

అల్లుడు: చిక్కంతా ఆ మట్టితోనే. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. వైశాఖంలో మన చేలో నెర్రెల్లో చెయ్యి దూరుతుంది కదా. గుంజ మొదట్లోనూ అదే జరుగుతుంది. నేల గుంజను వదిలి పక్కకు జరుగుతుంది. ఆ సందులోకి దుమ్ము, పెళ్లలు, ఎండుటాకులు చేరతాయి. తొలకరికి నేల ఉబ్బి తిరిగి వచ్చేసరికి ఆ సందు ఖాళీగా ఉండదు. చేరినదంతా అడ్డం పడి గుంజను కాస్త అవతలికి తోస్తుంది. ఏటా ఇంతింత చొప్పున నాలుగైదేళ్లకు మనకు కంటికి ఆనేంత ఒరుగుతుంది. ఏ మట్టి వల్ల ఒరిగిందో ఆ మట్టినే మళ్లీ దాని చుట్టూ నింపితే ఇంకో ఏడుకి ఏం జరుగుతుంది?

మామయ్య: మరి కంకర పోయమంటావా? అదీ చూశాను. వెనక వీధిలో ఒకాయన గుంత నిండా కంకర పోయించాడు. చుట్టూ నల్లమట్టి, మధ్యలో కంకర. వానాకాలం నీళ్లన్నీ ఆ గుంతలోకే దిగాయి. అక్కడి నుంచి ఇంకిపోయే దారి లేదు. మొదలంతా బురదై, చేత్తో తోస్తే చాలు గుంజ ఊగింది. దానికంటే నా మట్టే నయం.

అల్లుడు: ఉత్త కంకర పోస్తే అంతే అవుతుంది, మీరన్నది నిజం. పోయాల్సింది గ్రావెలు. గుట్టల దగ్గర తవ్వి రోడ్లకు తోలే ఎర్ర గ్రావెలు. అందులో రాయి, ఇసుక, కొంచెం మట్టి కలిసే ఉంటాయి. కాబట్టి దిమ్మిస కొడితే సందు లేకుండా కూర్చుంటుంది, నీళ్లు తగిలినా ఉబ్బదు. అరడుగు మందం పోయాలి, చేత్తో పిడికిలి పడితే ముద్ద కట్టేంత తడి చేయాలి, గుంజ చుట్టూ తిరుగుతూ దిమ్మిస కొట్టాలి. మళ్లీ అరడుగు. గుంతంతా ఒకేసారి నింపి పైన ఎంత కొట్టినా పై నాలుగంగుళాలే గట్టిపడతాయి, కింద గుల్లగానే ఉంటుంది. ఇక పై అరడుగు మాత్రం మన నల్లమట్టే వేయాలి. అక్కడ అది పనికొస్తుంది, నీళ్లను కిందికి దిగనివ్వదు. చుట్టూ చిన్న దిబ్బ కట్టి వాలు ఇస్తే వాననీళ్లు గుంజ దగ్గర నిలవకుండా బయటికి జారిపోతాయి. వెనక వీధి ఆయన గుంతకు ఆ పైమూత లేదు, లోపల దిమ్మిసా లేదు.

మామయ్య: సరే, మట్టి సంగతి ఒప్పుకుంటాను. నెట్టి నిలబెట్టడంలో మాత్రం నేను చేసిన తప్పేమిటి?

అల్లుడు: ఏ వైపు తవ్వించారు?

మామయ్య: ఎటు ఒరిగిందో అటే. అటే కదా నేల మెత్తబడింది.

(కంచె పనిలో చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి అల్లుడి జవాబును కుదించకుండా ఇస్తున్నాను.)

అల్లుడు: ఆ గుంజ తూర్పుకు, అంటే రోడ్డు వైపుకు ఒరిగింది. ఏడడుగుల రాయి, రెండడుగులు నేలలో ఉంది. పైన తల తూర్పుకు పోయిందంటే నేలలో ఉన్న పాదం పడమటికి తన్నింది. నేలకు దగ్గరగా ఉన్న భాగం తూర్పు మట్టిని నొక్కింది, అట్టడుగు భాగం పడమటి మట్టిని నొక్కింది. దాన్ని తిరిగి నిలువుకు తెస్తే రెండు చోట్ల సందు పడుతుంది: పైన తూర్పు పక్క, అడుగున పడమటి పక్క. ఆ రెండు చోట్లా రాయి బిగించాలి. మీరు తూర్పున తవ్వి, తూర్పున పైపైన బిగించారు. అడుగున పడమటి సందు ఖాళీగా ఉండిపోయింది. మొదటి గాలికే పాదం మళ్లీ ఆ సందులోకి జారింది. అందుకని తవ్వాల్సింది ఒరిగిన వైపు కాదు, దానికి ఎదుటి వైపు. పడమటి పక్క అడుగంటా తవ్వితే గుంజ తేలిగ్గా వెనక్కి వస్తుంది, పాదం దగ్గర రాయి పెట్టడానికి మన చెయ్యీ అందుతుంది. తూర్పు వైపు గట్టి నేలను కదిలించనవసరం లేదు. గుంజ నిలువుకు వచ్చాక పైన పడ్డ సందులో రాతిముక్కలు సుత్తితో దిగ్గొడితే సరిపోతుంది.

మామయ్య: ఆ రాయి బరువు తెలుసా నీకు? భుజాలతో నెట్టేసరికి ఇద్దరూ ఆయాసపడ్డారు.

అల్లుడు: తెలుసు. ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న గ్రానైటు గుంజ 85 కిలోలకు పైమాటే. అందుకే భుజబలం మీద ఆధారపడకూడదు. ముందురోజు సాయంత్రం మొదట్లో రెండు బిందెల నీళ్లు పోసి నాననివ్వాలి. పొద్దున తవ్వాక గుంజ నడుముకు తాడు కట్టి ఒకరు లాగాలి, ఇంకొకరు రెండో వైపు నుంచి పోటు కర్ర పెట్టి ఆపుతూ ఉండాలి. దానికంటే ముందు తీగలు విప్పాలి. బిగువు మీదున్న తీగను ఒక్కసారి కట్టరుతో తెంపితే తెగిన కొస ఎగిరి మొహానికి తగులుతుంది. కంటికి తగిలితే చూపే పోతుంది. గుంజకు కట్టిన కట్టుతీగ విప్పి పెద్ద తీగను మెల్లగా వదులు చేసుకోవాలి, అదీ పక్కన నిలబడి.

మామయ్య: ఇంత పని ఒక్కో గుంజకూ చేయాలంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

అల్లుడు: అన్నిటికీ చేయనక్కర్లేదు మామయ్యా. నాతో రండి, ఈ మూల నుంచి ఆ మూలకు దారం కట్టి చూద్దాం. చూశారా? మధ్యలో ఉన్న గుంజల్లో మూడే తూర్పుకు ఒరిగాయి. మిగతావన్నీ కంచె వెంబడే, ఉత్తరం వైపు వాలాయి. వాటి మొదట్లో నేల గట్టిగానే ఉంది. అవి తమంతట తాము ఒరిగినవి కావు. ఉత్తరం మూల గుంజ లోపలికి వంగింది, దాంతో తీగ వదులైంది. వదులైన తీగ మీద దొండపాదు పాకింది. ఆ పాదు బరువుకూ గాలి తోపుకూ ఇవి వాలిపోయాయి.

మామయ్య: మూల గుంజ బాగానే ఉంది కదరా.

అల్లుడు: కంటికి బాగానే ఉంటుంది. దారానికి గుండు కట్టి తూకం చూడండి. తల దగ్గర రెండంగుళాలు తేడా ఉంది. కంచెలో తీగల బిగువంతా మోసేది మూల గుంజలే. మధ్య గుంజలు తీగను ఎత్తుగా పట్టుకోవడానికే ఉన్నాయి. మూల గుంజ రెండు వైపుల నుంచీ లాగుడు తింటుంది కాబట్టి దానికి రెండు ఊతగుంజలు కావాలి, ఒక్కో తీగ వరసకు ఒక్కటి. మనకు ఒక్కటే ఉంది. అదీ తప్పు వైపున ఉంది.

మామయ్య: తప్పు వైపేమిటి? మేస్త్రీ పెట్టిందే అది.

అల్లుడు: రాతి ఊత నెట్టి ఆపుతుంది, లాగి ఆపలేదు. తీగ మూల గుంజను ఎటు లాగుతుందో ఆ వైపే, తీగ వరస కిందే ఏటవాలుగా నిలబెట్టాలి. అప్పుడు గుంజ వంగబోతే ఊత ఎదురు నిలుస్తుంది. మన మేస్త్రీ కంచె బయటి వైపు పెట్టాడు. గుంజ అవతలికి వంగిపోతుంటే ఊత ఇవతల ఊరికే ఆనుకుని ఉంది. ఊత తల గుంజ ఎత్తులో మూడింట రెండొంతుల దగ్గర ఆనాలి, పాదం కింద ఒక బండ వేయాలి. బండ లేకపోతే వానకు పాదం భూమిలోకి దిగబడుతుంది, గుంజ దాంతోపాటే వంగుతుంది. ఈ ఒక్క మూల సరిచేసి తీగ బిగిస్తే, వరస వెంబడి వాలినవాటిని చేత్తో నిలువుకు తెచ్చి దిమ్మిస కొడితే చాలు.

మామయ్య: ఆ మూడూ రోడ్డు వైపు ఎందుకు ఒరిగాయి మరి?

అల్లుడు: వాటి ముందే కదా మురుగుకాలువ తవ్వింది. కంచెకు అడుగు దూరం కూడా వదల్లేదు. ఆ వైపు మట్టికి ఆనిక పోయి కాలువలోకి జరుగుతోంది, దాంతోపాటే గుంజలూ. అక్కడ ఎంత దిమ్మిస కొట్టినా నిలవదు. కాలువ గట్టుకు రాతి కట్టు వేయాలి, లేదా ఆ మూడు గుంజల లోతు పెంచాలి. కారణం వేరైనప్పుడు మందూ వేరే.

మామయ్య: చూశావా, నువ్వే అంటున్నావు ఎంత చేసినా నిలవదని. అందుకే అన్నిటికీ కాంక్రీటు పోసేస్తే పీడా విరగడవుతుంది.

అల్లుడు: మూల గుంజలకు, గేటు గుంజలకు పోయండి, నేనూ పోయమంటాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంతకు ఒకటికి మూడు, ఆరు పాళ్లలో కలిపితే 50 కిలోల బస్తా నాలుగు గుంతలకు వస్తుంది. అదేం భరించలేని ఖర్చు కాదు. కానీ మన నేలలో కాంక్రీటు కూడా గుంత ఆకారం బట్టే నిలుస్తుంది. గడ్డపారతో తవ్వే గుంత పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది. అందులో పోసిన కాంక్రీటు దిమ్మెను ఉబ్బిన రేగడి కిందినుంచి పైకి ఎత్తేస్తుంది. గుంజ, దిమ్మె కలిసే లేస్తాయి, ఆ తర్వాత బాగుచేయడం ఇంకా కష్టం. అడుగున వెడల్పు చేయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు రేగడి నేలల్లో ఇళ్లకు అండర్‌ రీమ్డ్ పైల్స్ అని ఒక పునాది పద్ధతి తయారుచేశారు. స్తంభం అడుగున ఉబ్బెత్తుగా గది చేసి కాంక్రీటు పోస్తారు. పై మట్టి ఉబ్బినా ఎండినా ఆ ఉబ్బు లోపలి నేలను పట్టుకుని ఉంటుంది. మనం అంత పని చేయనక్కర్లేదు, ఆ సూత్రం పాటిస్తే చాలు. గుంత అడుగున నాలుగు వైపులా పలుగుతో మరో మూడంగుళాలు లోపలికి తొలవాలి. దిమ్మె పై అంచు నేల మట్టానికి కాస్త ఎత్తుగా, నీళ్లు జారేలా వాలుగా ఉండాలి. పోశాక వారం రోజులు తడపాలి, అప్పటిదాకా తీగ బిగించకూడదు.

మామయ్య: ఆ వారం ఆగేవాళ్లెవరు? మనవాళ్లు పొద్దున పోసి సాయంత్రం తీగ లాగేస్తారు.

అల్లుడు: అందుకే మూలలు మళ్లీ వంగుతున్నాయి. కాంక్రీటుకు పూర్తి బలం 28 రోజులకు గానీ రాదు. వారానికి అందులో రమారమి మూడింట రెండొంతులు వస్తుంది. పచ్చి దిమ్మె మీద బిగువు పెడితే లోపలే చిట్లుతుంది, పైకి కనబడదు.

మామయ్య: నువ్వెన్ని చెప్పినా గోడ గోడేరా. ఒక్కసారి కట్టేస్తే మళ్లీ చూడక్కర్లేదు. కుక్కలు రావు, పందులు రావు. ఆడవాళ్లు పెరట్లో స్నానానికీ పనికీ తిరగాలంటే చాటు ఉంటుంది. కంచె ఆ చాటు ఇస్తుందా?

అల్లుడు: చాటు కావాలంటే గోడే కట్టుకోవాలి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ గుంజలు ఒరుగుతున్నాయి కాబట్టి గోడ కడతాననడం మాత్రం సరికాదు. గుంజను ఒరగ్గొట్టిన నేలే కదా గోడ కింద కూడా ఉండేది. రెండడుగుల పునాది మీద లేపిన ప్రహరీలు ఈ ఊళ్లో ఎన్నిటికి పగుళ్లు లేవో మీరే చెప్పండి. గుంజ ఒరిగితే ఆ ఒక్కదాన్నీ నిలబెట్టుకోవచ్చు. గోడ ఒరిగితే పడగొట్టడం తప్ప దారి లేదు. అది పడేటప్పుడు పక్కన మనుషులు, పిల్లలు ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఇంకో సంగతి, పైనుంచి వచ్చే వాననీళ్లు మన దొడ్లోంచి కంచె సందుల గుండా దిగువకు పోతున్నాయి. గోడ కట్టి తూములు వదలకపోతే ఆ నీళ్లు మన ఇంటి పునాదిలోకే చేరతాయి.

మామయ్య: (కాసేపు ఆలోచించి) ముందు వైపు రాతి గుంజల మాట నీదే. కానీ ఈ పక్క సిమెంటు స్తంభాల దగ్గరికి రా. వీటికి కూడా దిమ్మిస కొట్టమంటావా?

అల్లుడు: వీటికి పగుళ్లు నిలువునా వచ్చాయి.

మామయ్య: వేలు పెట్టి చూడు. పెచ్చు చేతిలోకి వచ్చేసింది. లోపల ఆరు ఎంఎం చువ్వ సగానికి సగం తినేసింది. ఇటుక రంగు పొడి రాలుతోంది. దీన్ని నిలబెట్టి ఏం ఉపయోగం? పోయినేడు మేస్త్రీ సిమెంటు పాలు పూసి వెళ్లాడు. ఆరు నెలల్లో పూతతో సహా ఊడింది.

అల్లుడు: తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే లోపలినుంచి కాంక్రీటు చీలుతుంది. చువ్వకూ పై ముఖానికీ మధ్య అంగుళమైనా కాంక్రీటు లేకుండా పోత పోశారు, తేమ తొందరగా లోపలికి చేరింది. తుప్పు మీదే సిమెంటు పూస్తే లోపల అది అలాగే పెరుగుతుంది. సుత్తితో తట్టి గుల్ల శబ్దం వచ్చినంత మేరా కొట్టేయాలి, చువ్వ వెనక వైపు కూడా బయటపడేదాకా. తీగబ్రష్షుతో మెరుపు వచ్చేదాకా తుప్పు గీకి, జింకు ప్రైమరు వేసి, ఆ తర్వాత చిక్కటి మాలుతో పూడ్చి, తడి గోనెసంచి చుట్టి వారం తడపాలి.

మామయ్య: అది చువ్వ మిగిలినచోట కదా. నేల మట్టం దగ్గర చూడు, చువ్వే లేదు. బరువంతా పడేది అక్కడే. అక్కడ అతికించింది గేదె ఒకసారి ఒళ్లు రుద్దుకుంటే విరుగుతుంది. విరిగి పిల్లల మీద పడితే?

అల్లుడు: మీరన్నదే నిజం మామయ్యా. పైన పగిలినవాటిని బాగుచేయొచ్చు. నేల మట్టం దగ్గర చువ్వ పోయినవాటిని తీసేయాల్సిందే. ఈ వరసలో అలాంటివి నాలుగున్నాయి, వాటి స్థానంలో రాయి వేద్దాం. రాయికి తుప్పు లేదు, చెద లేదు.

మామయ్య: ఆ మాట ముందే అంటే ఇంత వాదన ఉండేదా! సముద్రం ఒడ్డున మా వియ్యంకుడి ఊళ్లో ఐతే సిమెంటు స్తంభం ఇన్నాళ్లు కూడా ఆగదు. ఉప్పుగాలికి చువ్వ ముందే పోతుంది. అక్కడ బాగుచేత మాటే ఎత్తరు.

(ఇక్కడ మామయ్యదే పైచేయి. బాగుచేయడం మీద నాకెంత మమకారం ఉన్నా, నేలను ఆనుకున్నచోట బలం పోయిన స్తంభాన్ని అతుకులు వేసి నిలబెట్టడం ప్రమాదమే. గేటు పక్కన ఇనుప యాంగిలరు స్తంభాలకూ ఇదే వర్తిస్తుంది. నేల మట్టం దగ్గర స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిస్తే లోపలికి దిగిందంటే రంగు వేయడం వృథా.)

అల్లుడు: పెరటి వైపు సరుగుడు కర్రలు చూద్దామా?

మామయ్య: చూసేదేముంది, చెద తినేసింది. సరుగుడుకు చేవ ఎక్కడిది? మొదలు కాల్చి పాతితే చెద పట్టదన్నారు, కాల్చే పాతించాను. అయినా ఇదీ గతి.

అల్లుడు: కాల్చితే పైపొర బొగ్గవుతుంది, ఎండకు అది పగిలి చెదకు దారి ఇస్తుంది. దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. కానీ ఈ కర్రను పీకి చూడండి. నేల మట్టానికి అటు అరడుగు, ఇటు నాలుగంగుళాలు, అంతవరకే పోయింది. గాలీ తడీ రెండూ కలిసే చోటే కర్ర కుళ్లుతుంది. పైన నాలుగున్నర అడుగులు తట్టితే ఇంకా గణగణమంటోంది. పోయిన ముక్క కోసేద్దాం. మొన్న ట్రాక్టరు తగిలి విరిగిన రాతి గుంజ ముక్కలు ఉన్నాయి కదా, వాటిని మొలలుగా పాతి, ఈ కర్రను దానికి ఆనించి జీఐ తీగతో రెండు చోట్ల మెలిపెట్టి బిగిద్దాం. కర్ర పాదం నేలకు మూడంగుళాలు ఎత్తులో ఉండాలి, మట్టిని తాకకూడదు.

మామయ్య: అది బాగుంది. ఖర్చు లేని పని. సందు సందుకూ గ్లైరిసిడియా కొమ్మలు కూడా నాటిద్దాం. వానాకాలంలో ఇట్టే వేరు పోసుకుంటాయి. అవే రేపు బతికిన గుంజలవుతాయి, మేకలకు మేత కూడా.

అల్లుడు: నాటండి. తీగను మాత్రం వాటికి మేకులతో కొట్టకండి, వదులుగా కట్టండి. మాను లావయ్యేకొద్దీ తీగను మింగేస్తుంది.

మామయ్య: ఇంకొక్క మాట. రాత్రిపూట పందులు వస్తున్నాయని కొందరు తీగలోకి కరెంటు వదులుతున్నారు. మన పాలేరు కూడా ఆ సలహా ఇచ్చాడు.

అల్లుడు: ఆ మాట మళ్లీ ఎత్తనివ్వకండి. ఇంటి కరెంటు కంచెకు పెట్టి తెలుగు నేల మీద ఎంతమంది పోయారో. రైతులు పోయారు, దారిన పోయేవాళ్లు పోయారు, పెట్టినవాళ్లే మర్చిపోయి పట్టుకుని పోయారు. అది నేరం కూడా.

మామయ్య: సరే, పని మొదలుపెడదాం. కానీ కాలువ దగ్గర ఆ మూడు గుంజలూ అడుగు లోపలికి జరిపేస్తే కాలువ బెడద తప్పుతుంది కదా?

అల్లుడు: మనం లోపలికి జరిపితే రేపు ఆ అడుగు మనది కాదంటారు. బయటికి జరిపితే మనమే ఆక్రమించామంటారు. పీకే ముందే రెండు మూలలకూ దారం కట్టి, ఏ గుంజ గుంత ఎక్కడో మేకులు కొట్టుకుని, తిరిగి అదే గుంతలో నిలబెట్టాలి. కాలువ గట్టుకు రాతి కట్టే వేద్దాం. ఆ ఈశాన్యం మూల ఉన్న చిన్న రాయి సర్వే రాయి, దాని జోలికి అసలు పోకూడదు.

ఆ హెచ్చరికను నేను కూడా నొక్కి చెబుతాను. సర్వే రాయిని కదపడం 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద నేరం. మన పల్లెల్లో అన్నదమ్ముల మధ్య, పక్కపక్క ఇళ్ల మధ్య మాటలు పోవడానికి జానెడు జరిగిన గుంజ చాలు. బాగుచేసే రోజున పక్కింటివాళ్లను పిలిచి, వాళ్ల ఎదురుగానే దారం కట్టండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నదానిపై మామా అల్లుళ్లకు పేచీ రాలేదు, ఇద్దరూ నేల తెలిసినవాళ్లే. వైశాఖంలో నెర్రెలిచ్చిన నేలలో దిమ్మిస కొడితే అది తొలకరికి చెదురుతుంది. భాద్రపదంలో బురద దిమ్మిసకు లొంగదు. వానలు వెనకబట్టి నేల పదును మీద ఉండే కార్తీకమే దీనికి అదును. ఈ కార్తీకంలో మీరూ ఒక పొద్దున దారం, గుండు పట్టుకుని కంచె చుట్టూ తిరగండి. గోడ కట్టే మేస్త్రీని పిలిచేముందు మీ మూల గుంజల తూకం చూడండి, వాటి ఊతలు ఏ వైపు ఉన్నాయో చూడండి.